గుర్రం గడి

చెస్ పోటీలో, నిండు హాల్లో మా మనవరాలు ఏంజెల్ రాజుని గుర్రంలా గెంతించిందని కోచ్ హేమంత్‌కుమార్ నన్ను ఏలూరులో తన ఇంటికి పిలిపించాడు. మర్యాదగానే పిలిచాడు. కుర్చీ వేశాడు, ఫ్యాను నా వైపు తిప్పాడు, మజ్జిగ తెప్పించాడు. అంత మర్యాద జరుగుతుంటేనే నాకు అనుమానం వచ్చింది.

"తాతగారూ, పాప చాలా బాగా ఆడుతుందండి. పదకొండేళ్ళకి అంత ఓపిగ్గా ఆలోచించే పిల్లల్ని నేను చూళ్ళేదు. అదంతా మీ చలవేనండి" అన్నాడు.

"మజ్జిగ కూడా బాగుంది బాబూ. అసలు సంగతి చెప్పండి" అన్నాను.

అతను ఇబ్బందిగా నవ్వాడు. పక్కన కూర్చున్న మా అబ్బాయి ఏసుకుమార్ తల వంచుకుని గ్లాసులోకి చూస్తున్నాడు. ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారని అప్పుడే అర్థమైంది.

"ఏం లేదండి. పాప చేతిలో రెండు ఆటలున్నాయి. ఒకటి నేను నేర్పేది, ఒకటి మీరు నేర్పింది. టైమ్ దగ్గర పడేసరికి మీ ఆట బయటికొచ్చేస్తుందండి. రాజు ఒక్కసారి గుర్రంలా గెంతొచ్చని మీరు చెప్పారట కదా?"

"చెప్పానండీ. చెక్ పడకముందు ఒక్కసారి గెంతొచ్చు."

"నాటు ఆటలో గెంతొచ్చండి. టోర్నమెంట్లో కుదరదు."

నాటు కోడి విన్నాను, నాటు మందు విన్నాను. నాటు ఆట అనే మాట ఆ రోజే విన్నాను. కాలువ లాకు తలుపులు ఎత్తుతూ దించుతూ సర్వీసంతా గడిపిన లస్కరుని నేను. లాకు గట్టు మీద రాతి పలకకి బొగ్గుతో గళ్ళు గీసుకుని, నీళ్ళు సమానమయ్యేదాకా ఆగిన పడవల వాళ్ళతో ఆడేవాణ్ణి. మా రూల్సు ఎవరూ కాగితం మీద రాయలేదు, ఎవరూ తప్పనూ లేదు. బంటు ఎప్పుడూ ఒక్క గడే నడవాలి. చివరి వరసకి చేరిందా, ఏ గడిలో చేరితే ఆ గడి పావే అవుతుంది. ఏనుగు గడిలో చేరితే ఏనుగు, గుర్రం గడిలో చేరితే గుర్రం. నాకు మంత్రి కావాలంటే కుదరదు. మంత్రి కావాలనుకున్నవాడు మొదటినుంచీ ఆ వరసలోనే నడిపించుకోవాలి.

"టోర్నమెంట్ అయ్యేదాకా మీరు పాపతో ఆడకుండా ఉంటే చాలండి. ఈ ఒక్క వేసవే. తప్పుగా అనుకోకండి" అన్నాడు హేమంత్‌కుమార్.

"ఎందుకనుకుంటానండీ" అని మజ్జిగ పూర్తిగా తాగేసి లేచాను. లోపల మాత్రం భగ్గుమంది.

దారిలో మా వాడు బండి నెమ్మదిగా నడుపుతూ మిగతా సంగతి చెప్పాడు. మే నెలాఖరున తాడేపల్లిగూడెంలో పదమూడేళ్ళ లోపు పిల్లల టోర్నమెంట్. మొదటి ఇద్దరినీ రాష్ట్ర పోటీలకి పంపుతారు. ఆ ఇద్దరిలో ఉంటే ఏంజెల్ ఏలూరులోనే చదువుకుంటూ చెస్ కొనసాగిస్తుంది. లేకపోతే ఆట మానిపించి, జూన్‌లో విజయవాడ అవతల ఒక హాస్టల్ స్కూల్లో ఏడో తరగతిలో వేసేస్తాడు. సీటు కూడా మాట్లాడి వచ్చాడట.

"పిల్లతో చెప్పావా?"

"చెప్పాను నాన్నగారూ. సరే అంది."

ఆ పిల్ల దేనికైనా సరే అంటుంది. చేదు మందు పోసినా సరే అనే తాగేది. దాని మనసులో ఏముందో కనుక్కోవాలంటే ఎదురుగా కూర్చుని ఒక ఆట ఆడాలి. బెంగగా ఉంటే ఏనుగుల్ని మూల వదలదు. ఉత్సాహంగా ఉంటే గుర్రాలు ముందుకొస్తాయి. ఇక ఆ దారి కూడా మూసేశారు.

నా కర్ర పావుల పెట్టెని నేనే బీరువా మీద పెట్టాను. ఎవరో పెట్టడం చూస్తూ కూర్చోవడం కంటే అదే నయమనిపించింది.

ఆ మే నెలలో ఏలూరు ఉడికిపోయింది. ఏసుకుమార్ తెల్లారకుండానే కలిదిండి వైపు చెరువులకి వెళ్ళిపోయేవాడు. చేపల మేత కంపెనీలో ఉద్యోగం. వచ్చేసరికి చొక్కా అంతా మేత వాసన. ఏంజెల్ పొద్దున్నా సాయంత్రం కోచ్ దగ్గరికి, మధ్యాహ్నం ఫోన్‌లో ముక్కూ మొహం తెలియని వాళ్ళతో ఆట. నాకు వరండాలో కుర్చీ.

"పొద్దెలా గడుస్తుందండీ మావయ్యగారూ?" అని అడిగింది కోడలు కుసుమ ఒకరోజు.

"ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నానమ్మా."

"మూడే కదండీ అవి."

"అందుకే మళ్ళీ మొదలెడుతున్నాను."

ఆవిడ నవ్వలేదు. మామిడికాయ తరుగుతున్న కత్తిపీట పక్కకి జరిపి, "ఆయనకి మీ మీద కోపం లేదండి. పిల్ల ఎక్కడ వెనకబడిపోతుందోనని భయమండి" అంది. కోపమైతే నేను తిరిగి కోప్పడేవాణ్ణి. భయానికి ఏం సమాధానం చెప్తాం?

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఏంజెల్ ఫోన్‌లో చార్జింగ్ అయిపోయి వరండాలోకి వచ్చి నా కాళ్ళ దగ్గర చాప మీద కూర్చుంది. ఆ చాప గళ్ళ చాప. ఎరుపు, పసుపు. కాసేపు ఆ గళ్ళ మీద వేలితో ఏవో ఎత్తులు వేసుకుంది.

"తాతయ్యా, ఒక్క ఆట."

"మాటిచ్చాను కదమ్మా."

"నేనివ్వలేదుగా."

"ఇద్దరాడే ఆటకి ఒకడు మాటిచ్చినా ఇచ్చినట్టే."

మూతి ముడుచుకుంది. తర్వాత కోచ్ దగ్గర నేర్చుకున్నది చెప్పడం మొదలెట్టింది. చివర్లో రాజులిద్దరూ, ఒక బంటూ మిగిలినప్పుడు రాజుకి ఎదురుగా మన రాజుని నిలబెట్టాలట. ఎదుటివాడే ముందు కదలాల్సి వస్తుందట. కదిలాడా, మన బంటుకి దారి దొరుకుతుందట. దానికేదో ఇంగ్లీషు పేరు కూడా చెప్పింది.

"అది మా లాకు దగ్గర అందరికీ తెలుసే. పేరొక్కటే తెలీదు" అన్నాను.

ఆ పిల్ల పకపకా నవ్వింది. మళ్ళీ వెంటనే నవ్వాపేసి, "తాతయ్యా, హాస్టల్లో ఆదివారం ఫోన్ చెయ్యనిస్తారంట. ఫోన్‌లో ఆడొచ్చా మనం? నువ్వు నీ బోర్డు మీద, నేను నా బోర్డు మీద?" అని అడిగింది.

"నువ్వు గెలుస్తావుగా, హాస్టల్ ఎందుకు?" అన్నాను. అన్నానే గానీ, వెళ్ళిపోయే రోజు కోసం అది అప్పుడే ఏర్పాట్లు చేసుకుంటోంది.

టోర్నమెంట్ ఆఖరి రోజు ఆదివారం పడింది. కుసుమ ఇంటి దగ్గర పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, తను గుడికెళ్ళి ఆరాధనలో కూర్చుంటానని ఉండిపోయింది. మేం ముగ్గురం రైలెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళాం. పోటీలు ఒక కల్యాణమండపంలో. పెళ్ళికొడుకు కూర్చునే సింహాసనాలు ఓ మూలకి నెట్టి, హాలంతా బల్లలు వేశారు. తల్లిదండ్రుల్ని లోపలికి రానివ్వరు. అద్దాల తలుపు బయట వాటర్ బాటిళ్ళతో, విసనకర్రలతో నిలబడాలి. పిల్లలకంటే పెద్దవాళ్ళకే ఎక్కువ చెమటలు పడుతున్నాయి.

ఆఖరి ఆటకి వచ్చేసరికి లెక్క తేలిపోయింది. ఏంజెల్ గెలిస్తే రెండో స్థానం. డ్రా అయితే చాలదు. ఎదుటివాడు భీమవరం కుర్రాడు విశ్వతేజ, కళ్ళజోడు పెట్టుకుని బుద్ధిగా ఉన్నాడు.

ఒక్కొక్క బల్లా ఖాళీ అయింది. పిల్లలు నవ్వుతూనో ఏడుస్తూనో బయటికొస్తున్నారు. చివరికి మా పిల్ల బల్లొక్కటే మిగిలింది. ఏసుకుమార్ నిలబడలేక ఇటూ అటూ తిరుగుతున్నాడు. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న హేమంత్‌కుమార్ ఉన్నట్టుండి మా వైపు వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"గెలిచేసినట్టేనండి! ఆ అబ్బాయికి రాజు ఒక్కడే మిగిలాడు. మనకి రాజు, బంటు ఉన్నాయి. రెండెత్తుల్లో బంటు మంత్రి అయిపోతుందండి. ఇంక ఎవరూ ఆపలేరు."

మా వాడు వెంటనే ఫోన్ తీసి కుసుమకి చెప్పాడు. నేను అద్దానికి మొహం ఆనించి చూశాను. ఈ కళ్ళకి బోర్డు ఆనలేదు. పిల్ల చెయ్యి మాత్రం కనిపించింది. ఆ చెయ్యి బంటుని ముందుకి జరిపింది. పక్కనున్న పావుల వైపు వెళ్ళింది. ఎక్కడా తడుముకోలేదు. ఒక పావు తీసుకుని గడిలో పెట్టి, గడియారం నొక్కింది.

విశ్వతేజ బోర్డు వంక చూశాడు. మా పిల్ల వంక చూశాడు. తర్వాత నెమ్మదిగా చెయ్యెత్తి పోటీ నడిపే పెద్దవాళ్ళని పిలిచాడు. ఏంజెల్ ఎత్తు రాసుకుంటూ రాసుకుంటూ ఆగిపోయింది. కలం అలాగే పట్టుకుని తలెత్తి అద్దాల తలుపు వైపు చూసింది.

హేమంత్‌కుమార్ లోపలికి పరిగెత్తి, తిరిగి వచ్చేటప్పుడు నడిచి వచ్చాడు.

"గుర్రం పెట్టిందండి" అన్నాడు. "పక్కనే మంత్రి ఉంది. గుర్రం పెట్టింది. ఒంటి గుర్రంతో రాజుని కట్టడం ఎవరి వల్లా కాదు. అక్కడికక్కడే డ్రా ఇచ్చేశారు."

"మార్చుకోకూడదాండీ?" అన్నాడు ఏసుకుమార్.

"చెయ్యి వదిలేశాక మార్చడం ఉండదండి. ఎందుకు పెట్టిందో ఆ దేవుడికే తెలియాలి."

దేవుడికీ తెలుసు, నాకూ తెలుసు. బంటు ఏ గడిలో చేరిందో నేను అడగలేదు. అడగాల్సిన పని లేదు. నెల రోజులు నా పావుల పెట్టె బీరువా మీదే ఉంది. నా మాట నేను నిలబెట్టుకున్నాను. కానీ నేర్పినదాన్ని ఆ చేతిలోంచి వెనక్కి తీసుకోవడం ఎలాగో నాకు తెలియదు.

పిల్ల బయటికొచ్చింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

తిరుగు రైలు కిటకిటలాడుతోంది. కిటికీ పక్కన ఏంజెల్, దాని పక్కన వాళ్ళ నాన్న, ఎదురుగా నేను. ఉంగుటూరు దాటాక మా వాడు అడిగాడు.

"ఎందుకమ్మా గుర్రం పెట్టావు?"

"తెలీదు నాన్నా."

"బంటు చేరితే మంత్రిని పెట్టాలని సార్ చెప్పలేదా?"

"చెప్పారు నాన్నా. చెయ్యి వెళ్ళిపోయింది."

నా వంక ఒక్కసారి చూసి, చటుక్కున మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది. నా పేరు బయటికి రాకూడదని పెదాలు బిగబట్టుకుని కూర్చుంది. ఓడిపోయి, హాస్టల్‌కి వెళ్ళబోతూ, నన్ను కాపాడుతోంది. నేనే చెప్పేద్దామని నోరు తెరిచాను. ఈలోగా మా వాడు ఇంకో ప్రశ్న అడిగాడు.

"ఏ గడిలో చేరింది బంటు?"

పిల్ల కిటికీ ఊచ మీద గోటితో గీస్తోంది.

"ఏ గడమ్మా?"

"బి ఎయిట్."

"అలా కాదు. మామూలుగా చెప్పు."

"గుర్రం గడి నాన్నా."

ఏసుకుమార్ నా వైపు చూశాడు. వాడికీ ఆ లాకు గట్టు మీదే నేర్పాను. నా మోకాలంత ఎత్తున్నప్పుడు ఆ రాతి పలక ముందు కూర్చోబెట్టి నేర్పాను. పదో తరగతి అయ్యాక వాడు పావు ముట్టుకోలేదు. మర్చిపోయి ఉంటాడనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

"గుర్రం గడిలో చేరితే గుర్రమే" అన్నాడు నెమ్మదిగా. ఎవరితోనూ కాదు, తనలో తను చెప్పుకున్నట్టు.

ఇక విరుచుకుపడతాడని సిద్ధంగా కూర్చున్నాను. పడితే పడనీ అనుకున్నాను. వాడు భీమడోలులో రైలాగితే దిగి, రెండు టీలు, పిల్లకి బిస్కెట్లు పట్టుకొచ్చాడు. ముందు నాకిచ్చాడు.

"వేడిగా ఉందండి. చూసుకుని తాగండి" అన్నాడు.

గుర్రం సంగతి మళ్ళీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. హాస్టల్ మాట మాత్రం మాటే. జూన్ వచ్చింది, తొలకరి పడింది. హాల్లోకి కొత్త ట్రంకుపెట్టె వచ్చింది. పెట్టె మీద పిల్ల పేరు మా వాడే తెల్ల రంగుతో రాశాడు. పొద్దుట మొదలుపెట్టి భోజనాల వేళ దాకా కూర్చుని రాశాడు. అచ్చు వేసినట్టు కుదిరాయి అక్షరాలు. చిన్నప్పుడు బోర్డులు రాసే ఆర్టిస్టు దగ్గర చేరతానని నా వెంటపడ్డాడు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మేత కొట్టులో పెట్టాను. ఆ రోజుల్లో పిల్లల్ని అడగడం అనేది మాకు తెలియదు.

బయల్దేరే ముందురోజు ఆదివారం. గుడి నుంచి వచ్చి భోజనాలు చేశాం. బయట సన్నగా వాన. పెట్టె సర్దడం అయిపోయింది, తాళం కూడా వేసేశారు. నేను బీరువా మీంచి నా పావుల పెట్టె దింపుకున్నాను. ఇప్పుడు వద్దనేవాళ్ళు లేరు. అయినా పిల్లని ఆటకి పిలవడానికి నోరు రాలేదు. అదీ నన్ను అడగలేదు.

మా వాడు వచ్చి నా చేతిలోంచి పెట్టె తీసుకున్నాడు.

"ఏంజీ, ఒక ఆట ఆడదామా?"

"నువ్వా! నీకు వచ్చా నాన్నా?"

"తాతయ్య నేర్పిన ఆటే వచ్చు."

ట్రంకుపెట్టె మీదే బోర్డు పరిచారు. నేను మంచం మీద కూర్చున్నాను. కుసుమ వంటింటి గుమ్మంలో చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. మా వాడు పావుని ముట్టుకోబోయి ఆగుతూ, మళ్ళీ ఆలోచిస్తూ, ఎంతో జాగ్రత్తగా ఆడాడు. పిల్ల వాడి మంత్రిని ఎప్పుడో తినేసింది. కాని వాడి బంటొకటి ఓ చివరన ఎవరూ పట్టించుకోకుండా నడుచుకుంటూ పోయి మూల గడిలో చేరింది. మా వాడు ఆలోచించకుండా ఏనుగుని తీసి అక్కడ పెట్టాడు.

"అదేంటి నాన్నా, ఏనుగు పెట్టావు?"

"ఏనుగు గడి కదమ్మా."

"ఏ గడైనా పర్లేదు నాన్నా. నీకేం కావాలంటే అది పెట్టుకోవచ్చు."

"నాకేం కావాలంటే అదా?" అని చిన్నగా నవ్వాడు. "నన్నెప్పుడూ ఎవరూ అలా అడగలేదమ్మా."

అందులో దెప్పిపొడుపు లేదు. ఉన్నమాటే అన్నాడు. నాకు మాత్రం తగలాల్సిన చోటే తగిలింది.

"చెయ్యి వదిలేశాను కదా. ఇంక మార్చకూడదేమో" అన్నాడు మళ్ళీ.

"అది టోర్నమెంట్లో నాన్నా. మనింట్లో మార్చుకోవచ్చు."

మా వాడు ఏనుగు మీద వేళ్ళు పెట్టి అలాగే ఉండిపోయాడు. బోర్డు కింద తను రాసిన తెల్ల అక్షరాలు కనిపిస్తున్నాయి. వాటి వంక చూశాడు.

"మరి నీకేం కావాలమ్మా?"

"నాకా? బంటు నీది కదా."

"బంటు సంగతి కాదు."

పిల్లకి అర్థమైంది. గుమ్మంలో కుసుమ చేతులు తుడుచుకోవడం ఆపేసింది. ఏంజెల్ ముందు నా వైపు చూసింది, ఎత్తు తోచనప్పుడు చూసినట్టే. నేను తల వంచేసుకున్నాను. నా మొహంలో ఏముందో అది చూడకూడదు. ఈ ఒక్క ఎత్తు దాని అంతట అదే వెయ్యాలి.

"ఈ ఏడు వెళ్ళను నాన్నా" అంది బోర్డు వైపు తిరిగి.

"ఈ ఏడు వెళ్ళకుండా ఏం చేస్తావు?"

"తాతయ్యకి కొత్త రూల్సు రావు కదా. నేను వెళ్ళిపోతే ఎవరు నేర్పుతారు?"

పడవల రోజుల నుంచీ ఆడుతున్నవాణ్ణి. ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే వాళ్ళ సంగతి చూసేవాణ్ణి.

"అవునమ్మా, నాకు రావు" అన్నాను.

ఏసుకుమార్ ఏనుగుని తీసి పక్కన పెట్టాడు. మంత్రిని తీసుకుని మూల గడిలో నిలబెట్టాడు. తర్వాత తల తిప్పకుండానే అన్నాడు.

"కుసుమా, ఈ పెట్టెలో బట్టలు తీసెయ్."

"ఆట అవ్వనివ్వండి" అంది కుసుమ. "బోర్డు దాని మీదే ఉంది కదా."